బస్సు తప్పిన గుమస్తా

ఆ సినిమాలో హంతకుడు అన్నీ ముందే ఆలోచించుకుంటాడు. కావలివాడు భోజనానికి వెళ్లే వేళ, వీధిలో మనుషులుండని వేళ, పని అయ్యాక ఎక్కాల్సిన రైలు. అతను ఆలోచించనిది ఒక గుమస్తా గురించి. ఆ గుమస్తాకి హత్యతో ఏ సంబంధమూ లేదు. ఆఫీసునుంచి వస్తుంటే చెప్పు తెగుతుంది. కుట్టించుకోవడానికి ఆగుతాడు. రోజూ ఎక్కే బస్సు తప్పిపోతుంది. అడ్డదారిన నడిచి వెళ్తూ చూడకూడనిది చూస్తాడు. తెల్లారేసరికి శవమై కాలవలో తేలతాడు.

నేను మొదటిసారి చూసినప్పుడు కథ ఈ వరసలో రాలేదు.

తొంభైల్లో మా తమ్ముడు రాజోలులో ఒక సినిమా హాల్లో ఆపరేటరు. అప్పుడు ఒకే ప్రింటుని రెండు ఊళ్లు పంచుకునేవి. మలికిపురంలో ఆట ముందు మొదలయ్యేది. అక్కడ ఆడేసిన రీళ్లని ఒకాయన మోపెడ్‌కి కట్టుకుని రాజోలు తెచ్చేవాడు. ఆ సాయంత్రం పెద్ద వాన. డబ్బాల మూతలమీద సుద్దముక్కతో వేసిన అంకెలు చెరిగిపోయాయి. ఆయన రావడం ఆలస్యమైంది. హాల్లో ఈలలు, బెంచీల మోత. తమ్ముడు కంగారులో చేతికందిన రీలు ఎక్కించేశాడు.

గుమస్తా శవం తేలింది. చెప్పు కుట్టించుకుంటూ బస్సు తప్పాడని చెప్పులు కుట్టేవాడు పోలీసులకి చెప్పాడు. తరవాతి రీల్లో అదే మనిషి తెల్లచొక్కాతో ఆఫీసు మెట్లు దిగుతూ కనిపించాడు.

"ఇందాకే కదండీ చచ్చిపోయేడు?" అన్నారు నా వెనక ఎవరో.

"తమ్ముడై ఉంటాడండీ. డబుల్ యాక్షను."

"ఆయ్. అయితే ఈణ్ణీ చంపేత్తారు చూడండి."

నవ్వారు. అంతలో చెప్పు తెగింది. నవ్వులు ఆగిపోయాయి. ఆడవాళ్ల కుర్చీల్లోంచి ఒకావిడ లేచి, "కుట్టించుకోకండి బాబూ! చేత్తో పట్టుకుని ఎళ్లిపోండి!" అని అరిచింది. అప్పుడు హాలంతటికీ అర్థమైంది. "బస్సొచ్చేత్తంది, పరిగెట్టండి మాస్టారూ!" అని బెంచీలవాళ్లు లేచి నిలబడ్డారు. తెరమీద ఆయన మాత్రం తీరిగ్గా కూర్చుని ఇంకో కుట్టు వెయ్యమన్నాడు. బస్సు వెళ్లిపోయింది. హాల్లో అంత కోపం నేనెప్పుడూ చూడలేదు.

ఆట అయ్యాక యజమాని చేత చివాట్లు తిని వచ్చాడు తమ్ముడు. అయినా మొహం వెలుగుతూనే ఉంది.

"నిజం చెప్పక్కా, ఇలాగే బాగుంది కదా?"

బాగాలేదన్నాను. బతుకులో ముందేం జరగబోతుందో ఎవరికీ తెలియదు కాబట్టి ఇది మోసమన్నాను.

"నీకు పుస్తకాలెక్కువైపోయేయి" అని నవ్వాడు.

తరవాత కొన్నేళ్లకి ఆ హాలు మూతపడింది. తమ్ముడు కేబుల్ టీవీ పనిలో చేరాడు. మలికిపురంలో మా ఇంటి కనెక్షను పాడైతే ఒక ఉదయం వచ్చి బాగుచేశాడు. పదకొండింటి బస్సుకి వెళ్లిపోతానన్నాడు. వాడి భార్యకి పనసపొట్టు కూరంటే ఇష్టం. చెట్టునుంచి ఆ ఉదయమే దింపిన కాయ ఉంది. పొట్టు కొట్టి ఇస్తాను, తీసుకెళ్లమని కూర్చోబెట్టాను. అరగంట పట్టింది. పొట్లం కడుతుంటే బస్సు హారను వినిపించింది. పొట్లం గడపమీదే వదిలేసి పరిగెత్తాడు. బస్సు అందలేదు. చెయ్యూపి ఆటో ఎక్కాడు. గేటు దగ్గర నిలబడి చూశాను.

రాజోలు చేరకముందే ఆ ఆటోని కొబ్బరికాయల లారీ గుద్దింది. తమ్ముడు దక్కలేదు.

ఆసుపత్రిలో మరదలు నన్ను మొదట అడిగింది ఒకటే. "ఎప్పుడు బయల్దేరేరండీ?" టైముకే బయల్దేరాడని చెప్పాను. అంతకుముందు ఆలోచించుకున్న అబద్ధం కాదు. నోట్లోంచి వచ్చేసింది. ఆ తరవాత దాన్ని వెనక్కి తీసుకోవడానికి ఏ రోజూ మంచిరోజు కాలేదు.

అప్పట్నించీ ఒకచోట కూర్చోలేకపోయాను. పుస్తకం తెరిస్తే ఒక్క పేజీ సాగేది కాదు. పదకొండింటి బస్సు చప్పుడు వినగానే లేచి గేటుదాకా వెళ్లేదాన్ని. వెళ్లి చెయ్యడానికేమీ లేదు. తిరిగొచ్చి మళ్లీ లేచేదాన్ని. పరామర్శకి వచ్చినవాళ్లు విధి అన్నారు, దేవుడి చిత్తమన్నారు. కథ రాసినవాడికి గుమస్తా చెప్పు తెగడం అవసరం. మా తమ్ముడికి బస్సు తప్పడం ఎవరికి అవసరం?

ఎనిమిది నెలల తరవాత ఒక మధ్యాహ్నం రాజోలులో వాళ్లింటికి వెళ్లాను. మరదలు పెసలు ఏరుకుంటూ టీవీ చూస్తోంది. అదే సినిమా. ఈసారి వరస సరిగ్గానే ఉంది. గుమస్తా చెప్పు కుట్టించుకుంటున్నాడు.

"ఈయనా అంతే వదినగారూ" అంది. "సెంటర్లో ఎవరితోనో కబుర్లు పెట్టుకునుంటారు. లేకపోతే బస్సెందుకు తప్పుద్ది? టైముకి ఇల్లు చేరిన రోజుందా? మీ నాన్నలా తయారవకే అని పిల్లకి రోజూ చెప్తన్నాను."

వినలేకపోయాను.

"సెంటర్లో ఆగలేదమ్మా. వాణ్ణి నేనే ఆపేను."

తలెత్తి చూసింది. పనసపొట్టుకని అరగంట కూర్చోబెట్టిన సంగతి, హారను సంగతి, గడపమీద పొట్లం సంగతి చెప్పాను.

"టైముకే బయల్దేరేరన్నారు కదండీ?"

"అబద్ధం చెప్పేను."

పెసల పళ్లెం కిందపెట్టింది.

"ఎనిమిది నెల్లండీ" అంది. "ఎనిమిది నెల్లు నాచేత ఆయన్ని తిట్టించేరు."

"నేను ఆపకపోతే ఆ లారీ..."

"లారీ మీరు తోలేరా? దాని గురించి నాకు చెప్పకండి." "అరగంటున్నారన్నారు. ఏం మాట్లాడేరు?"

ఏదో చెప్పబోయాను. ఆగమన్నట్టు చెయ్యి ఎత్తి, టీవీ కట్టేసింది. పెరట్లోకి చూసి కూతుర్ని పిలిచింది.

"ఇలా రా. మీ నాన్న ఆరోజు ఎక్కడున్నారో అత్తయ్య చెప్తుంది. కూర్చుని విను."

పిల్ల వచ్చి తల్లి పక్కన కూర్చుంది. ఇద్దరూ నావైపే చూస్తున్నారు. చేతులకి నూనె రాసుకోకుండా పనసకాయ కొయ్యబోయానని మీ నాన్న నన్ను వెక్కిరించేడు అంటూ మొదలుపెట్టాను.