మంచు సవరయ్య జీపు గొలుసులు

బూర్గంపాడు దాటి అడవి మొదలయ్యే చోట ఇప్పలగూడెం అని ఒక ఊరు. అక్కడ సవరయ్య ఇల్లెక్కడని అడిగితే ‘ఏ సవరయ్య?’ అని ఎదురు అడిగేవారు. మంచు సవరయ్య అంటే చాలు, నవ్వుతూ వేలు పెట్టి చూపించేవారు. ఎండాకాలం కోళ్లు కూడా నోళ్లు తెరుచుకుని తిరిగే ఊళ్లో మంచు పేరు తగిలించుకున్న మనిషి ఇంకొకడు లేడు మరి.

ఆయన సొంతూరు బోనకల్. కుర్రతనంలోనే మిలిటరీలో డ్రైవరుగా చేరి లదాఖ్ కొండల్లో రేషన్ లారీలు నడిపాడు. పింఛనుతో తిరిగొచ్చి, భార్య సంపూర్ణ పుట్టిన ఊరని ఇప్పలగూడెంలో స్థిరపడ్డాడు. వస్తూ వస్తూ ఒక ఇనపపెట్టె, ఒక ఉన్ని టోపీ, ఎంత చెప్పినా తరగని మంచు కబుర్లూ తెచ్చుకున్నాడు. అక్కడ రోడ్డు మీద మోకాటి లోతు మంచు పడుతుందట. టైర్లకు ఇనప గొలుసులు చుట్టి నడపాలట. చుట్టకపోతే బండి జారి లోయలో పడుతుందట.

మొదట్లో జనం నోరు వెళ్లబెట్టి విన్నారు. తర్వాత ఆటపట్టించడం మొదలుపెట్టారు. “గొలుసులు కాళ్లకేసుకుంటరు గానీ చక్రాలకేస్తరా సవరన్నా?” అనేవారు. సంపూర్ణ అయితే కంచం ముందు పెట్టి, “నీ కథ అయ్యేలోపు కూడు మంచయితది, ముందు తిను” అనేది. ఇవన్నీ ఆయన నవ్వుతూనే భరించేవాడు. కూతురు మరియ విసుగు మాత్రం ముల్లులా గుచ్చుకునేది. ఆ పిల్ల పుట్టినప్పుడు ఆయన కొండల్లోనే ఉన్నాడు, నడక నేర్చినప్పుడూ అక్కడే ఉన్నాడు. అన్నేళ్ల దూరం పూడ్చుకోవడానికి తన దగ్గరున్నది ఆ మంచు ముచ్చటే. తీరా మొదలుపెడితే, “ఇగ బంద్ జెయ్యి నాన్నా, అందరు నవ్వుతుండ్రు” అని లేచిపోయేది.

మరియ పదో తరగతి. కబడ్డీలో కూతకు వెళ్లిందంటే అవతలి జట్టుకు గుండెల్లో రాయి పడాల్సిందే. ఏటా పంద్రాగస్టుకు బూర్గంపాడులో ఆడపిల్లల కబడ్డీ ఫైనల్ జరుగుతుంది. కిందటేడు ఇప్పలగూడెం జట్టు ఫైనల్‌కు వచ్చి కూడా ఆడలేకపోయింది. వర్షానికి దారంతా బురదై బండి కదల్లేదు. వేళకు రాని జట్టు ఓడినట్టే లెక్క. ఆ రోజు మరియ అన్నం ముట్టకుండా పడుకుంది. సవరయ్య మర్నాడే కమ్మరి కొలిమికి వెళ్లి కూర్చున్నాడు. పాత ఎడ్ల గొలుసులు పోగేసి, నిచ్చెనకు మెట్లు వేసినట్టు అడ్డ గొలుసులు అతికించి, ఊళ్లోని జీపు టైరు కొలతకు ఒక జత చేయించాడు. ఎందుకని ఎవరైనా అడిగితే, వచ్చే వానాకాలం రానియ్యమన్నాడు.

ఆ వానాకాలం రానే వచ్చింది. మరియ జట్టు ఈసారీ ఫైనల్‌కు చేరింది. పంద్రాగస్టు నాడు తెల్లారేసరికి వారం రోజుల ముసురు అప్పుడే వెలిసింది. ఊరికీ తారురోడ్డుకూ మధ్య ఉన్నదంతా నల్లరేగడే. కాలు పెడితే చెప్పు వదులుకోవాల్సిందే.

జీపు సవరయ్యది కాదు, వెంకటప్పయ్యది. ఆయన కోస్తా నుంచి వచ్చి పొగాకు వేసిన రైతు. చేతికి ఎముక లేని మనిషే గానీ, జీపు మీద గీత పడితే మాత్రం ఊరుకోడు. గొలుసులు చూడగానే లబోదిబోమన్నాడు.

“టైర్లు కోసుకుపోతాయయ్యా సవరయ్యా! ఇది జీపనుకున్నావా, ఎద్దనుకున్నావా?”

“కోసుకపోవు వెంకటప్పయ్యగారూ. బురదలనే ఉంచి, తారురోడ్డెక్కంగనే ఇప్పుతా. జర నమ్మండి.”

“నమ్ముతాను గానీ నేనూ వస్తా. నా బండి కూలబడితే కళ్లారా చూడాలి గదా!”

సవరయ్య వెనక చక్రాల వెనక గొలుసులు నేలమీద పరిచాడు. జీపును వాటి మీదికి నడిపించి, రెండు కొసలూ పైకి లాగి కొక్కేలు తగిలించి, పాత ట్యూబు ముక్కలతో బిగించాడు. కొంచెం దూరం పోనిచ్చి, దిగి మళ్లీ బిగించాడు. జట్టు పిల్లలు కిచకిచ నవ్వారు. మరియ నవ్వలేదు గానీ తండ్రి ముఖం చూడకుండా జీపెక్కి కూర్చుంది. పక్కన డ్రిల్లు టీచరు ప్రమీలారాణి చేతిగడియారం చూసుకుంటూ ఉంది.

ఊరు దాటి రేగడిలో దిగగానే జీపు ఒకసారి వణికింది. అంతే, పిల్లలంతా టపటపా కిందికి దూకారు. ఆ ఊళ్లో బండి కాస్త మొరాయిస్తే చాలు, దిగి నెట్టడమే అలవాటు. టీచరు దిగింది, వెంకటప్పయ్య దిగాడు, చేలో కలుపు తీస్తున్నవాళ్లు కూడా పరుగెత్తుకొచ్చి తలో చెయ్యీ వేశారు. సవరయ్య కూడా అలవాటు కొద్దీ “నెట్టుర్రి!” అని కేకేశాడు. చక్రాలు గిర్రున తిరిగాయి. గొలుసులు నల్లమట్టిని పారతో పోసినట్టు ఎగజిమ్మాయి. వెనకున్నవాళ్లు నల్లబొమ్మలయ్యారు. జీపు మాత్రం జానెడు కదల్లేదు.

“మంచైతే నడిచేది సవరన్నా! ఇది మన్నాయె!” అన్నారెవరో. అందరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. మరియ నవ్వలేదు. కళ్లలో నీళ్లు తిరుగుతుంటే మొహం తిప్పుకుంది.

సవరయ్యకు ప్రాణం చివుక్కుమంది. దిగి, వంగి చక్రాల కిందికి చూశాడు. గొలుసులు ఎక్కడివక్కడ గట్టిగానే ఉన్నాయి. అయినా పట్టు లేదు. ఎందుకు లేదు? లదాఖ్‌లో ఏ లారీ అయినా ఖాళీగా వెళ్లిందా? బియ్యం బస్తాలో, కిరసనాయిలు పీపాలో నిండుగా ఉండేవి. ఆ బరువుకే గదా గొలుసు మంచులోకి దిగి కరిచేది! ఇంటికొచ్చి ఇన్నేళ్లలో తనకూ ఊరి అలవాటు అంటుకుంది. బండి తేలికయితే కదులుతుందని తనూ అందరిలాగే అనుకున్నాడు. నవ్వూ, సిగ్గూ, సంతోషం ఒక్కసారిగా తన్నుకొచ్చాయి.

“ఎక్కుర్రి! అందరూ ఎక్కుర్రి! ఒక్కరు గూడ నెట్టొద్దు!” అని గొంతు చించుకున్నాడు.

“దిగితేనే కదలనిది ఎక్కితే కదులుతుందా?” అంది ప్రమీలారాణి.

“ఎక్కి చూడండి టీచరమ్మా! వెనకంగనే కూసోవాలె. వెంకటప్పయ్యగారూ, మీరు సరిగ్గ చక్రం మీదికి రావాలె. మీకంటే మంచి బస్త నాకేడ దొరుకుతది?”

వెంకటప్పయ్యకు కోపం రావాలో నవ్వు రావాలో తెలియలేదు. గొణుక్కుంటూనే ఎక్కి కూలబడ్డాడు. వెనక స్ప్రింగులు కుయ్యిమన్నాయి. పిల్లలు ఒకరి మీద ఒకరు పడుతూ ఎక్కారు. సవరయ్య మెల్లగా, చాలా మెల్లగా క్లచ్ వదిలాడు. గొలుసు కరిచింది! ఒక్కో అడ్డ గొలుసూ మట్టిలో మెట్టు వేసుకుంటున్నట్టు కటకటమంటూ జీపు ముందుకు పాకింది. పిల్లలు చెవులు చిల్లులు పడేలా అరిచారు. అందరికంటే గట్టిగా అరిచింది వెంకటప్పయ్యే.

తారురోడ్డు మీద గొలుసులు విప్పి, బూర్గంపాడు గ్రౌండుకు చేరేసరికి జెండా వందనం ఇంకా నడుస్తూనే ఉంది. తీరా ఆట వేళకు అవతలి జట్టు లేదు. వాళ్లది రెడ్యా తండా. ట్రాక్టరు ట్రక్కులో బయల్దేరి వాగు దగ్గర బురదలో దిగబడ్డారని కబురొచ్చింది. అంపైరు కాసేపు చూసి, ఇప్పలగూడెం గెలిచినట్టే అన్నాడు. కప్పు బల్లమీద తళతళలాడుతోంది. సవరయ్య గుండె పొంగిపోయింది. దాన్ని కూతురి చేతుల్లో చూడాలన్నదే ఏడాదిగా ఆయన ఆశ.

మరియ కప్పు వైపు వెళ్లలేదు. తండ్రి దగ్గరికొచ్చి నిలబడింది.

“నాన్నా, నిరుడు మనకైన తీర్గనే వాళ్లకయింది. మళ్ల పోయి తోల్కొద్దమా?”

“తోల్కొస్తే ఓడిపోవచ్చు బిడ్డా. వాళ్ల రూప్లి కూత నీ కూతకు తక్కువేం గాదు.”

“ఆడకుండ గెలిస్తే గదేం గెలుపు?”

సవరయ్య అంపైరు దగ్గరికి నడిచాడు. అంపైరు సరే, మధ్యాహ్నం దాకా ఆగుతానన్నాడు. బరువు కావాలి గదా, ఇప్పలగూడెం జట్టంతా జీపెక్కింది. పిలవకుండానే వెంకటప్పయ్య ముందే వెళ్లి చక్రం మీద కూర్చున్నాడు. “నేను లేకుండా మీ బండి కదుల్తుందా?” అన్నాడు దర్జాగా.

వాగు దగ్గర తండా పిల్లలు మోకాళ్ల దాకా బురదలో నిలబడి ట్రక్కును నెడుతున్నారు. వాళ్ల కెప్టెన్ రూప్లి, అవతలి జట్టు తమ కోసం రావడం చూసి, కలా నిజమా అన్నట్టు చూసింది. రెండు జట్లూ, ఒక టీచరమ్మ, ఒక పొగాకు రైతు ఆ జీపులో ఎట్లా పట్టారో దేవుడికే తెలియాలి. బానెట్ మీద ఇద్దరు కూర్చున్నారు.

ఆట చూసినవాళ్లు ఏళ్ల తరబడి చెప్పుకున్నారు. మరియ కూతకు వెళ్తే గ్రౌండంతా లేచి నిలబడింది. సవరయ్య మిలిటరీలో కూడా అంత అరవలేదు. చివరి కూత రూప్లిది. ముగ్గురు పట్టుకున్నా పాములా జారి గీత తాకింది. ఇప్పలగూడెం ఒక్క పాయింటుతో ఓడింది. మరియ నవ్వుతూ వెళ్లి రూప్లిని కావలించుకుంది. సవరయ్యకు ఏడుపొచ్చింది, సిగ్గుపడకుండా ఏడ్చాడు.

తండావాళ్లనూ దింపాలి గదా. తారురోడ్డు దాటి మళ్లీ మట్టిదారి దగ్గర జీపు ఆపాడు. తండావాళ్ల కప్పు వెంకటప్పయ్య ఒళ్లో ఉంది. సవరయ్య ఒక పక్క చక్రానికి గొలుసు పరుస్తుంటే, మరియ దిగొచ్చి రెండో గొలుసు అందుకుంది. జీపు దాని మీదికి రాగానే, పొద్దున చూసినట్టే కొసలు లాగి, కొక్కెం తగిలించి, ట్యూబు ముక్కతో బిగించింది. చేతులు నల్లగా అయ్యాయి.

“నాన్నా, గక్కడ మంచుల గిది బిగించేటప్పుడు చేతులు సల్లవడి పనిచేస్తయా?”

ఆ మాట కోసం ఆయన ఎన్నేళ్లుగా కాచుకుని ఉన్నాడో! బురద చేతుల్ని లుంగీకి తుడుచుకుని కూతురి పక్కన చతికిలబడ్డాడు.

“చెప్పు నాన్నా,” అంది మరియ. జీపులోంచి రెండు జట్లూ తలలు బయటపెట్టాయి.

“వేళ్లు ఉన్నయో లేవో తెల్వది బిడ్డా,” అన్నాడు సవరయ్య. “నోట్ల పెట్టుకొని వెచ్చజేసుకునేది. నువ్వు పుట్టినవని ఉత్తరం అందిన నాడు గూడ గొలుసే బిగిస్తున్న.”