వన్స్ మోర్‌కి నిలవని పళ్ళ సెట్టు

2001లో నా క్లినిక్ చిలకలూరిపేటలో, హైవే పక్కన ఒక పురుగుమందుల కొట్టు మీది మేడలో ఉండేది. పత్తి సీజన్లో జిన్నింగ్ మిల్లుల నుంచి నూగు లేచి కిటికీ మెష్‌కి పట్టేసేది. వచ్చే పేషెంట్లలో సగం మంది మిల్లు పనివాళ్ళు, లారీ డ్రైవర్లు. మిగతా సగం చుట్టుపక్కల రైతులు. నొప్పికి ఇక ఓర్చుకోలేక పన్ను పీకించుకోవడానికే వచ్చేవాళ్ళు. మొత్తం పళ్ళ సెట్టు కట్టించుకునేవాళ్ళు నెలకి ఇద్దరో ముగ్గురో. అందుకే ఆ పనంటే నాకు ఇష్టం. తీరిగ్గా మనసు పెట్టి చేసేదాన్ని. నేను కట్టిన సెట్టు కదులుతోందని ఎవరైనా తిరిగొస్తే, ముందు వాళ్ళదే తప్పనుకునే రకాన్ని కూడా.

దేవసహాయం మాస్టారు ఆ ఏడాది వానలు తగ్గుముఖం పట్టాక వచ్చారు. మిషన్ స్కూల్లో తెలుగు చెప్పి రిటైరయిన మనిషి. పొడుగ్గా, నిటారుగా ఉండేవారు. నోరు తెరిస్తే మాత్రం మిగిలిన పది పళ్ళూ పట్టుకుంటే ఊడొచ్చేలా ఉన్నాయి. అన్నీ తీసేయాలని, చిగుళ్ళు మానడానికి మూడు నెలలు ఆగాలని, ఆ తర్వాతే సెట్టు అని చెప్పాను.

"ఎండలు ముదిరేలోపు నా నోట్లో పళ్ళుండాలమ్మా," అన్నారు.

"అంత తొందరేంటి మాస్టారూ, పెళ్ళి సంబంధం చూస్తున్నారా?"

"ఆఖరాటలున్నాయి," అన్నారు నవ్వకుండా.

అప్పుడు తెలిసింది ఆయన నటుడని. 'రేవురాజు' అనే పద్యనాటకంలో ఇరవై ఆరేళ్ళుగా రాజు వేషం ఆయనదే. రాసింది ఆయన స్కూల్లోనే లెక్కలు చెప్పిన ఇంకో మాస్టారట. రాజ్యం పోగొట్టుకున్న రాజు పేరు మార్చుకుని కృష్ణ ఒడ్డున పడవ నడుపుతుంటాడు. ఒకరోజు సొంత కూతురే వచ్చి ఆ పడవెక్కుతుంది, తండ్రిని గుర్తుపట్టదు. ఆమెని అవతలి ఒడ్డుకి చేరుస్తూ రాజు పాడే పద్యం కోసమే జనం వచ్చేవాళ్ళట. అందరూ దాన్ని రేవు పద్యం అంటారు. టీవీలొచ్చాక ఆటలు తగ్గిపోయాయి. నటులు ముసలివాళ్ళయ్యారు. ఈ మిరప కోతలతో తమ నాటక సమాజాన్ని మూసేద్దామని అందరూ కలిసి అనుకున్నారట.

నాకు పద్యనాటకాలంటే పెద్ద ఇష్టం లేదు. చిన్నప్పుడు మా నాన్న లాక్కెళితే ముందు వరసలో నిద్రపోయేదాన్ని. తెలియనివాళ్ళకి ఒక్క మాట చెప్పాలి. పద్యం చివరి అక్షరం పట్టుకుని నటుడు రాగం తీస్తాడు. అది నచ్చితే జనం "వన్స్ మోర్" అంటారు. అన్నారంటే కథ ఎక్కడున్నా సరే ఆపి, పద్యం మొత్తం మళ్ళీ పాడాలి. చచ్చిపోయిన పాత్రయినా లేచి పాడి మళ్ళీ చావాల్సిందే. పాడకపోతే నటుడికి పరువు తక్కువ.

సంక్రాంతి వెళ్ళాక సెట్టు కట్టి ఇచ్చాను. కుర్చీలో కూర్చోబెట్టి అంకెలు చెప్పించాను, బిస్కట్టు తినిపించాను. పాడి చూపించమంటే బయట పేషెంట్లున్నారని మొహమాటపడి, సన్నగా రెండు ముక్కలు పాడారు. సెట్టు కదల్లేదు. అద్దంలో చూసుకుని, "పదేళ్ళు తగ్గించారమ్మా," అన్నారు. నాకూ గర్వంగానే అనిపించింది.

రెండు వారాల తర్వాత ఆయన సెట్టుని జేబురుమాల్లో చుట్టుకుని వచ్చారు. పర్చూరు దగ్గర ఒక ఊళ్ళో ఆట. రేవు పద్యం మొదటిసారి బాగానే పాడారట. వన్స్ మోర్ అన్నారు. రెండోసారి రాగం పైకి తీసుకెళ్ళేసరికి పై సెట్టు జారి నాలుక మీద పడింది. నోరు మూసేసుకున్నారు. హార్మోనిస్టు బ్రహ్మం గ్రహించి, రాగం తను వాయించి పూర్తి చేశాడు.

"జనం గోల చేశారా?" అని అడిగాను.

"చేస్తే బాగుండేదమ్మా. ఒక్కళ్ళూ మాట్లాళ్ళేదు."

నా పనికి వంక పెట్టినట్టు అనిపించి నాకు చిరాకేసింది. "మాస్టారూ, ఇవి తినడానికీ మాట్లాడ్డానికీ కట్టిన పళ్ళు. ఊరు మొత్తానికి వినపడేలా రాగాలు తీస్తే ఏ సెట్టూ నిలవదు," అన్నాను. సెట్టు అతుక్కోవడానికి వాడే పౌడరు డబ్బా చేతిలో పెట్టి పంపించేశాను. ఆయన గుమ్మం దగ్గర ఆగి, "ఇంక రెండే ఆటలున్నాయమ్మా. వేటపాలెంలో ఒకటి, తర్వాత మనూళ్ళో ఆఖర్ది. కోటయ్య ఇంక నన్ను రేవు పద్యం పాడొద్దంటున్నాడు. ఎప్పుడో నా గొంతు రికార్డు చేసిన క్యాసెట్టుంది, అదేస్తాం, పెదాలాడించమంటున్నాడు," అన్నారు. కోటయ్య వాళ్ళ సమాజం మేనేజరు.

"పోన్లెండి, శ్రమ తగ్గుతుంది కదా," అన్నాను. ఆ మాట ఎందుకన్నానా అని ఇప్పటికీ అనుకుంటాను.

ఆయన నావైపు చూసి, "నేనింకా బతికే ఉన్నానమ్మా," అని మెట్లు దిగి వెళ్ళిపోయారు.

మా దగ్గర సెట్లు పోతపోసే టెక్నీషియన్ మస్తాన్‌వలీ గారు లోపలి గదిలోంచి అంతా విన్నారు. నాకంటే ఇరవై ఏళ్ళు పెద్ద. "మేడం, ఆయన పాడేటప్పుడు నోరెలా ఉంటదో మనం చూళ్ళేదు గదా. చూడకుండా తప్పు ఆయన్దెట్టా అంటాం?" అన్నారు. ఆ మాట గుచ్చుకుంది. వేటపాలెం ఆటకి ఇద్దరం బయల్దేరాం.

సాయంత్రం ఏడింటికి మొదలెట్టారు. అన్నేళ్ళు ఆడిన నాటకం ఎలా ఉంటుందో అక్కడ చూశాను. ఏరు గీసిన తెర మధ్యలో మాసిక పడి, నీళ్ళ రంగు ఒకచోట ముదురుగా, ఒకచోట వెలిసి ఉంది. మంత్రి వేసినాయనే మీసం మార్చుకుని బిచ్చగాడుగా వచ్చాడు. హాస్యగాడు నోరు తెరవకముందే జనం అతని మాటలు చెప్పేసి నవ్వుతున్నారు. నా పక్కన జీడిపప్పు ఫ్యాక్టరీలో పనిచేసే ఒక పెద్దావిడ కూర్చుంది. జీడి రసానికి ఆమె వేళ్ళు నల్లగా మాడి ఉన్నాయి. ప్రతి పద్యానికీ ఆమె పెదాలు కదులుతున్నాయి.

మొదటి రెండు రంగాల్లో పద్యాలు మాస్టారే పాడారు. నేను మొహం చూడ్డం మానేసి దవడ చూశాను. క్లినిక్‌లో కూర్చున్న మనిషి కాదాయన. కాళ్ళు ఎడంగా పెట్టి, తల వెనక్కి వాల్చి, పైనుంచి వేలాడదీసిన మైకు వైపు గడ్డం ఎత్తి, లోపలి అంగిలి కనపడేంతగా నోరు తెరిచి పాడుతున్నారు. నేను ఆ నోటిని ఒక్కసారి కూడా చూడలేదు. కుర్చీలో కూర్చుని బిస్కట్టు తిన్న నోటికి సెట్టు కట్టాను.

రేవు పద్యం వచ్చింది. క్యాసెట్టు వేశారు. మాస్టారు తెడ్డు పట్టుకుని పెదాలు ఆడించారు. గొంతు వయసులో ఉంది, మనిషి లేడు. నా పక్కనావిడ పెదాలు ఆగిపోయాయి.

"ఆయన పాట్టంలేదు అమ్మాయ్. టేపు పెట్టె పాడతంది," అంది నాతో.

వెనక వరసల వాళ్ళకి తెలియలేదు. అలవాటుగా "వన్స్ మోర్" అన్నారు. అందరూ మర్చిపోయిన సంగతి అదే. పద్యం మళ్ళీ రావాలంటే క్యాసెట్టు వెనక్కి తిప్పాలి. కోటయ్య కంగారుగా బటన్లు నొక్కుతుంటే మైకులో కీచుమని చప్పుడు. ఒకసారి పద్యం మధ్యలోంచి మొదలైంది, ఒకసారి వేరే పద్యం వచ్చింది. జనం నవ్వారు. ఆయన అంతసేపూ తెడ్డు పట్టుకుని, నోరు మూసుకుని, కూతురి పాత్ర వైపు చూస్తూ నిలబడే ఉన్నారు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆ నోరు మూయించింది నేనే.

ఆట అయ్యాక తెర వెనక్కి వెళ్ళాను. ఆయన కొబ్బరినూనెతో రంగు తుడుచుకుంటున్నారు.

"మాస్టారూ, సోమవారం రండి. బ్రహ్మం గారిని హార్మోనియంతో సహా తీసుకురండి. పొరపాటు నాది," అన్నాను.

ఆఖరాటకి పన్నెండు రోజులే ఉన్నాయి. పని గురించి కొంచెం చెబుతాను. నోటి పైకప్పు ముందు భాగం ఎముక, వెనక భాగం మెత్తటి కండ. గొంతు విప్పినప్పుడు ఆ కండ కదులుతుంది. రెండూ కలిసే చోటుని మేం వైబ్రేటింగ్ లైన్ అంటాం. పేషెంటు చేత 'ఆ' అనిపించి, అక్కడ పెన్సిలుతో గీత గీస్తాం. పై సెట్టు వెనక అంచు ఆ గీత దగ్గర ఆగితే లోపలికి గాలి చొరబడదు, సెట్టు అంగిలికి కరుచుకుని ఉంటుంది. మాస్టారి చేత నేను అనిపించిన 'ఆ' డాక్టరు ముందు పేషెంటు అనే 'ఆ'. ఆయన పాడే 'ఆ' వేరు.

సోమవారం నా పరికరాల బల్ల మీద హార్మోనియం పెట్టించాను. మాస్టారిని గది మధ్యలో నిలబెట్టి, స్టేజీ మీద పాడినట్టే పాడమన్నాను.

"బయట జనం ఉన్నారు గదమ్మా."

"ఉండనివ్వండి. పంటి నొప్పి కాసేపు మర్చిపోతారు."

బ్రహ్మం శ్రుతి పట్టాడు. రాగం పై స్థాయికి వెళ్ళినప్పుడు టార్చి వేసి చూశాను. మెత్తటి కండ నేను గీసిన గీతకి ముందునుంచే లేచి, సెట్టు అంచుకీ అంగిలికీ మధ్య సందు వదిలేస్తోంది. రెండు బియ్యపు గింజల మేర తేడా. ఒకసారి పాడితే సెట్టు ఎలాగో ఓర్చుకుంటుంది. రెండోసారికి అప్పటికే గాలి దూరి ఉంటుంది. వన్స్ మోర్‌కే జారడానికి కారణం అది.

కొత్త అచ్చు తీశాను. అచ్చు ట్రే అంచుల్లో గ్రీన్ స్టిక్ అనే ఒకరకం లక్క కరిగించి పెడతాం. అది గట్టిపడేలోపు బుగ్గలూ పెదాలూ ఎలా కదిలితే అంచు అలా తయారవుతుంది. మామూలుగా మేమే బుగ్గలు పట్టి లాగుతాం. ఈసారి ముట్టుకోలేదు. నోట్లో ట్రే ఉండగానే ఆయన రాగం తీశారు. మాట ఒక్కటీ తెలియడం లేదు, రాగం మాత్రం తెలుస్తోంది. అచ్చు తీసి మస్తాన్‌వలీ గారి చేతిలో పెడితే అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది వేరే మనిషి నోరు మేడం," అన్నారు.

ఆఖరాట మా ఊళ్ళోనే, ఒక జిన్నింగ్ మిల్లు ఆవరణలో. పత్తి బేళ్ళు ఒక పక్కకి జరిపి స్టేజీ వేశారు. కోటయ్య క్యాసెట్టు ప్లేయరు తెచ్చి హార్మోనియం పక్కన పెట్టుకున్నాడు.

"ఆ పెట్టె లోపల పెట్టెయ్ కోటయ్యా," అన్నారు మాస్టారు.

"ఆఖరాట మాస్టారూ, మళ్ళీ జారిందనుకోండి, అదే గుర్తుండిపోద్ది జనానికి."

"ఉండనీ."

రేవు పద్యం మొదలుపెట్టారు. నేను పక్క తెర చాటున నిలబడ్డాను. మొదటిసారి అయింది. వన్స్ మోర్ అన్నారు. రెండోసారి రాగం తీశారు, గడ్డం ఎత్తారు, నోరు పూర్తిగా తెరిచారు. సెట్టు నిలిచింది. గొంతు నిలవలేదు. పై స్థాయికి వెళ్ళేసరికి బీట పడి, గాలి మాత్రమే వచ్చింది.

కోటయ్య చెయ్యి ప్లేయరు మీదికి వెళ్ళింది. మాస్టారు అతన్ని చూడలేదు. బ్రహ్మం వైపు తిరిగి, మైకులో అందరికీ వినపడేలాగే, "ఒక మెట్టు దించు బ్రహ్మం," అన్నారు. ఇరవై ఆరేళ్ళలో ఆయన శ్రుతి దించమనడం అదే మొదటిసారని బ్రహ్మం తర్వాత చెప్పాడు. దించిన శ్రుతిలో, ఎవరూ అడక్కుండానే, పద్యం మొదటినుంచి అందుకున్నారు. అవతలి ఒడ్డుకి చేరిన కూతురు తన తండ్రెవరో తెలియకుండానే దిగి వెళ్ళిపోతుంటే, చివరి అక్షరం దాకా పాడారు. ఈసారి వన్స్ మోర్ అని ఎవరూ అనలేదు. ముందు వరసలో పెద్దవాళ్ళు లేచి నిలబడ్డారు. నేను పైటచెంగుతో కళ్ళు తుడుచుకున్నాను.

తెర పడ్డాక దగ్గరికి వెళ్ళాను. "గొంతు కొంచెం ఇబ్బంది పెట్టింది కదా మాస్టారూ," అన్నాను.

ఆయన మొహంలో నేనెప్పుడూ చూడనంత సంతోషం. "పెట్టింది. వయసైంది గదమ్మా. కానీ అక్కడ తప్పింది నేను. నా బదులు ఇంకోటేదీ తప్పలేదు," అన్నారు.

అప్పటిదాకా నా పని పళ్ళు కట్టడం అనుకునేదాన్ని. ఇప్పుడు సెట్టు కోసం ఎవరొచ్చినా కుర్చీలో కూర్చోబెట్టే ముందు, నోటితో మీరు చేసే పనేంటని అడుగుతాను. మిరప యార్డులో వేలం పాట పాడతానని ఒకాయన, చర్చిలో ప్రసంగం చేస్తానని ఇంకొకాయన, మనవరాలికి కథలు చెబుతానని ఒకావిడ చెప్పారు. అందరినీ లేచి నిలబడి ఆ పని చేసి చూపించమంటాను. కొందరు సిగ్గుపడతారు. వాళ్ళ పని అయ్యేదాకా అచ్చు సామాను ముట్టుకోను.