సోంపేట దగ్గర ఆగే గొంతు

మొన్న ఆదివారం మా ఈ బెంగాలు రైల్వే ఊళ్లోనే, ఇందా పేటలో ఉండే మా అక్క కొడుకు ఇంటికి వెళ్లేసరికి, వాడు పూజ పందిళ్లకు వెళ్లే పెద్ద ఆంప్లిఫయరు ఒకటి బాగుచేసి, పరీక్షకని బల్ల మీద పెట్టి, పూర్తి వాల్యూములో నడుపుతూ, ఎదురుగా కూర్చుని తాపీగా టీ తాగుతున్నాడు. ఇంట్లో చీమ చిటుక్కుమన్నా వినిపించేంత నిశ్శబ్దం. నాకు చెవుడు వచ్చిందేమోనని ఒక్క క్షణం హడలిపోయాను. ఈ వయసులో ఏది ఎప్పుడు సెలవు పెడుతుందో చెప్పలేం కదా. వాడు నవ్వి, స్పీకరుకు వెళ్లవలసిన తీగలు ఒక పెట్టెలోకి వెళ్తున్నాయని చూపించాడు. ఆ పెట్టె స్పీకరు స్థానంలో ఉండి దాని భారమంతా తాను మోస్తుందట. నాలుగు ఓములు కావాలంటే నాలుగు, ఎనిమిది కావాలంటే ఎనిమిది, ఏది ఎంతసేపో ముందే మీటలు నొక్కి చెప్పిపెడితే ఆ వరసలో తానే మార్చుకుంటూ పోతుందట, వేడి మితిమీరితే తనంతట తానే ఆపేస్తుందట. ఆంప్లిఫయరు కాలదు, స్పీకరు చిరగదు, పక్కింటివాళ్లు వచ్చి తలుపు కొట్టరు. బాగుందిరా అన్నాను గాని, కిటికీ పక్క కుర్చీలో కూర్చున్న అక్క వైపు చూడడానికి నాకు ధైర్యం చాలలేదు.

మీలో రైల్వే క్వార్టర్లలో పెరిగినవాళ్లకు చెప్పక్కర్లేదు, అక్కడ ఒకరింట్లో పోపు వేస్తే నాలుగిళ్లవాళ్లు తుమ్మేవారు. పూరీ గేట్ వైపు మా బావ క్వార్టరు అలాంటి వరసలోదే. బావ వర్క్‌షాపులో ఎలక్ట్రీషియను. నేను అక్కడి బడిలో టీచరుగా చేరి, పెళ్లయ్యేదాకా అక్కాబావల దగ్గరే ఉన్నాను. డ్యూటీ దిగి, చేతుల గ్రీజు కడుక్కుని, ఆయన వరండాలో మైకుసెట్లు విప్పుకుని కూర్చునేవాడు. మాట్లాడడం బహు అరుదు. కూరలో ఉప్పు తక్కువైతే చెప్పడు, ఎక్కువైతే ఇంకో గ్లాసు మంచినీళ్లు తాగుతాడు. “మనోళ్లు నన్ను గోడకిచ్చి పెళ్లి సేసినారే” అని అక్క నా దగ్గర వాపోయేది.

అలాంటి మనిషి నోరు విప్పేది సెట్టు బాగుచేసి పరీక్షించేటప్పుడు మాత్రమే. లోకంలో అందరూ హలో హలో మైక్ టెస్టింగ్ అంటారు. మా బావ మాత్రం హారన్ స్పీకరు వీధి వైపు తిప్పి, మైకు నోటి దగ్గర పెట్టుకుని, ఇక్కణ్నుంచి మా ఊళ్ల వైపు పోయే స్టేషన్లు రాగం తీస్తూ చదివేవాడు. హిజిలీ, బెల్దా, జలేశ్వర్, బాలాసోర్, భద్రక్, కటక్ అంటూ పాసింజరు బండి నడకలో సాగేది ఆ రాగం. బరంపురం దాటి ఇచ్ఛాపురం చేరేసరికి గొంతు మెత్తబడేది. సోంపేట అని ఆ చివరి అక్షరాన్ని కాస్త సాగదీసి, టక్కున మీట నొక్కేసేవాడు. సోంపేట మా పుట్టిల్లు. ఆయన ఊరు తిలారు, అదే లైనులో ఇంకా ముందుకు పోవాలి. ఎన్నిసార్లు చదివినా తన ఊరిదాకా మాత్రం ఆయన ఎన్నడూ పోలేదు. అక్క వంటింట్లో గరిటె ఆపి, వింటున్నట్టు కనబడకుండా వినేది. సోంపేట రాగానే ముఖం గోడ వైపు తిప్పుకునేది. పక్క క్వార్టరు బెంగాలీ దీదీ, మీ బండి వచ్చేసిందని అక్కను ఆట పట్టించేది.

ఇప్పుడు ఈ పెట్టె కొన్నవాడే అప్పుడు ఒడిలో పిల్లాడు. వాడికి జ్వరం వచ్చి, ఏడ్చి ఏడ్చి, ఓ సెలవునాటి మధ్యాహ్నం అప్పుడే కాస్త నిద్రలోకి జారాడు. నిద్ర లేక అక్క కళ్లు లోతుకుపోయాయి. అంతలో వరండాలో హిజిలీ మొదలైంది, పిల్లాడు ఉలిక్కిపడి లేచాడు. అక్క విసురుగా బయటికొచ్చింది. “ఏటీ గోల! పిల్లడు జొరంతో మాడిపోతంటే మీకిప్పుడు సోంపేట కావలిసొచ్చినాదా? ఇకమీదట ఆ టేసన్లు నాకు ఇనిపించకూడదు!” ఆ రోజు బండి బెల్దా దాకా అయినా పోలేదు.

మర్నాడే బావ పాత హీటరు కాయిలు ఒకటి సంపాదించి, ఓములు కొలిచి ముక్క కత్తిరించి, బకెట్టు నీళ్లలో ముంచి, హారన్‌కు బదులు తీగలు దానికి తగిలించాడు. సెట్టు ఇచ్చే శక్తంతా ఆ కాయిల్లో వేడై నీళ్లలో కలిసిపోయేది, శబ్దం మాత్రం వచ్చేది కాదు. పరీక్షల్లో హారన్ల లోపలి పొరలు చిరగడం ఆగింది. టేపు పెట్టి చాలాసేపు నడిపితే చలికాలంలో ఆ నీళ్లకు చలి విరిగేది. తీగలు విప్పేసి, ఆ బకెట్టు తెచ్చి స్నానాలగది ముందు పెట్టి, పిల్లాడికి పొయ్యమన్నట్టు తలూపి పోయేవాడు. ఎంత మంచివాడో చూడండి. అంత మంచితనం ఎవరడిగారని నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

పిల్లాడికి జ్వరం తగ్గింది, నడక వచ్చింది, బడికి పోయాడు. స్టేషన్లు మాత్రం తిరిగి రాలేదు. “దాదా, గాడీ బంద్ హోయే గేలో నాకి?” అని, బండి ఆగిపోయిందా అని దీదీ అడిగితే, బావ నవ్వి బకెట్టు చూపించాడు. అక్క ఎదురుచూసింది. కాలు జారితే తీసుకోగలం గాని నోరు జారితే తీసుకోలేం అంటారు. మా ఇంటి ఆడవాళ్లకు పైన ఇంకో తెగులు, తీసుకోడానికి ప్రయత్నమైనా చెయ్యం. ఒకసారి మాత్రం నాతో అంది. “ఆ ఒక్క మద్దేన్నం మాటే అన్నానే. జన్మంతా మానెయ్యమన్నానేటి?” ఆ ముక్క ఆయనతోనే చెప్పవే అన్నాను. “నాను సెప్పాలేటి? ఆయనకి తెల్దా?”

ఆయనకు తెలియలేదు. పెళ్లానికి ఇష్టమైన పని చేస్తున్నాననుకుంటూనే రిటైరయ్యాడు, అలా అనుకుంటూనే పోయాడు. నేనైనా మధ్యలో దూరి చెప్పి ఉండవలసిందని అనుకుంటాను గాని, అక్క ఈ జన్మకు నన్ను క్షమించి ఉండేది కాదు.

ఆదివారం నాడు అక్క మెల్లగా లేచి బల్ల దగ్గరికి వచ్చి, దీనికి మైకుందేట్రా అని కొడుకును అడిగింది. వాడు అందులో నడుస్తున్న పాట ఆపి, మైకు తగిలించి చేతికిస్తూ, సౌండు రాదమ్మా, అంతా పెట్టెలోకే పోతాది అని చెబుతూనే ఉన్నాడు. అక్క వినిపించుకోలేదు. హిజిలీ అంది. పెట్టె మీద అంకెలు కదిలాయి. బెల్దా, జలేశ్వర్, బాలాసోర్... అదే రాగం, ఎన్నేళ్లు లోపల దాచుకుందో. ఇచ్ఛాపురం అయింది, సోంపేట వచ్చింది. అక్కడితో ఆగుతుందనుకున్నాను. ఆగలేదు. ఊపిరి తీసుకుని బారువ, మందస, పలాస, పూండి, నౌపడ, కోటబొమ్మాళి అంటూ పోయి, తిలారు అని ఆ చివరి అక్షరాన్ని కాస్త సాగదీసి, మైకు కింద పెట్టి కొంగుతో ముఖం తుడుచుకుంది.

అంతా బాగానే ఉందమ్మా, సెట్టు ఓకే అన్నాడు వాడు అంకెలు చూసి. వాడికేం తెలుసు, పాపం. ఈ రోజుల్లో సెట్లు కాలడం లేదు, హారన్లు చిరగడం లేదు, పిల్లల నిద్ర చెడడం లేదు. అదంతా మంచికే, కాదనడానికి నేనెవర్ని. కానీ మాటలు రాని ఒక మనిషి వీధి వీధంతా వినేలా తన పెళ్లాం ఊరి పేరు చెప్పి ఆగిపోయే సాయంత్రాలు మనకు ఉండేవి, అవి మళ్లీ రావు. అక్క లోపలికి వెళ్లాక పెట్టె మీద చెయ్యి వేసి చూశాను. కొంచెం వెచ్చగా ఉంది.