బావ పెట్టని పాయింటు

మా బావ బీరన్న పద్నాలుగు నెలల తర్వాత ఆఫ్రికా నుంచి దిగిన రోజున నేను శంషాబాద్ ఎయిర్‌పోర్టుకు పోయింది ప్రేమ పొంగిపొర్లి కాదు. ఉన్నమాట చెప్పడానికి నాకేం సిగ్గు లేదు. నా నాలుగెకరాల బత్తాయి తోట ఎండిపోతోంది. ఆయన లేని ఏడాదిలో ఎవరెవరినో నమ్మి రెండు బోర్లు వేయిస్తే, రెండింటిలోనూ దుమ్ము లేచింది తప్ప చుక్క రాలేదు. ఆకు ముడుచుకుపోయింది, కాయ గోలీకాయంత ఉండగానే రాలిపోతోంది. మనిషి దిగీ దిగగానే తోటలోకి పట్టుకుపోవాలి, అంతే నా ఆలోచన.

బావ పని బోర్లకు పాయింట్లు పెట్టడం. వేపకొమ్మ పంగను రెండు పిడికిళ్ళలో పట్టుకుని, చెప్పులు విడిచి పొలమంతా నడుస్తాడు. కింద నీళ్ళున్నచోట పంగ కొస నేలకేసి వంగుతుంది. అక్కడ రాయి పాతి, పసుపూ కుంకుమా పెట్టి, కొబ్బరికాయ కొడతాడు. ఓ పాజిటివ్ రక్తం ఉన్నవాళ్ళకే ఆ పని పడుతుందని మా దిక్కు అంటారు. నాదీ అదే రక్తం, ఏం లాభం, నా చేతిలో అది ఉత్త కట్టె. మా మర్రిగూడ మండలంలో బావ చూపిన చోట నీళ్ళు పడకపోతే జనం బోరు బండివాణ్ణి తిట్టేవాళ్ళు కానీ బావను అనేవాళ్ళు కాదు. మా అక్క సుగుణమ్మను చేసుకుని మా ఊళ్ళోనే ఇల్లరికం ఉన్నాడు కాబట్టి ఆ పేరులో నాకూ కాస్త వాటా ఉందనుకునేవాణ్ణి.

ఆ పేరు వినే, ఆఫ్రికాలో వేల ఎకరాలు కౌలుకు పట్టిన మనవాళ్ళ కంపెనీ ఒకటి ఆయన్ని పట్టుకుపోయింది. ఆ దేశం పేరు నాకు ఇప్పటికీ నోరు తిరగదు.

ఎయిర్‌పోర్టు బయటికి వచ్చిన మనిషిని చూసి, నాతో వచ్చిన అక్క ఏడ్చింది. బావ నవ్వాడు, అంతలోనే ముఖం అటు తిప్పుకున్నాడు. దారిపొడుగునా అదే తంతు. ఇబ్రహీంపట్నం దాటి మన గుట్టలు కనబడగానే కారు అద్దం దించి చిన్నపిల్లాడిలా చూశాడు. అక్కడివాళ్ళు మక్కపిండితో మన గటకలాంటిదే వండుతారనీ, ఒక ముసలావిడ రోజూ తనకు ముద్ద తీసి పెట్టేదనీ, ఊరంతా తనను నీళ్ళ తండ్రి అని పిలిచేవాళ్ళనీ హుషారుగా చెప్పాడు. చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయాడు. కంపెనీవాళ్ళు ఇంకో ఏడాది ఉండమన్నారట. మరెందుకు వచ్చినవని అక్క అడిగింది.

"ఉండబుద్ధి గాలే," అన్నాడు బావ. కారు అద్దం పైకెత్తి, "రాబుద్ధి గూడ గాలే," అన్నాడు.

అక్కకు ఒళ్ళు మండింది. పెళ్ళాం, ఇల్లు ఇక్కడుంటే రాబుద్ధి కాకపోవడమేమిటని మాల్ ఊరు వచ్చేదాకా సతాయించింది. ప్రయాణం బడలికలే అనుకున్నాను.

తోటకు రమ్మంటే రేపు చూద్దామన్నాడు, ఎల్లుండన్నాడు, ఒళ్ళు నొప్పులన్నాడు. వారం గడిచింది. ఎనిమిదో రోజు పొద్దున్నే నేనే వేపకొమ్మ కొట్టి, పంగ చెక్కి, చేతికిచ్చి తోటకు తోలుకుపోయాను. సాలు వెంట సాలు నడిచాడు. ఎక్కడా కదలిక లేదు. తూర్పు గట్టు దగ్గరికి రాగానే పంగ ఎట్లా వంగిందంటే, ఆయన పిడికిళ్ళలో బెరడు మెలిపడి ఊడిపోయింది. బావ పంగను రెండుగా విరిచి అవతల పారేశాడు.

"ఈడ లెవ్వు, ఎల్లేశం."

అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. నా కండ్లతో చూశాను కదా, ఎవరి చెవిలో పువ్వు పెడుతున్నావని అడిగాను. ఆయన గట్టు అవతలికి చూపించాడు. పదడుగుల దూరంలో బక్కమ్మ చిన్నమ్మ బావి. రాళ్ళు పేర్చిన పాతకాలపు చేదబావి. చిన్నమ్మకు మొగుడు లేడు, పిల్లలు లేరు. వెనకటి ఫ్లోరైడ్ నీళ్ళు తాగి మోకాళ్ళు వంకరపోయిన మనిషి. ఆ బావి కింద అరెకరంలో వంకాయ, బెండకాయ పండించి సంతలో అమ్ముకుని బతుకుతుంది.

అప్పుడు గట్టు మీద కూర్చుని చెప్పాడు. కంపెనీకి ఆయన మొదటి పాయింట్లు పెట్టింది ఒక ఊరికి ఎగువన. ఆ ఊరు తాగేది కిందున్న ఊట నీళ్ళు. బిందెలెత్తుకుని పోయే ఆడవాళ్ళను రోజూ చూశాడు. అరవై అడుగులకే తియ్యటి నీళ్ళు పడుతున్న నేల, వీళ్ళకేం తక్కువవుతుందిలే అనుకున్నాడు. ఎండిన నేల మీద పుట్టినవాడు, అన్ని నీళ్ళు ఒక్కచోట చూసేసరికి అవి తరిగిపోతాయన్న సంగతే మర్చిపోయాడు. నాలుగో బోరు పడ్డాక ఊట ఆగింది. ఆ ఊరివాళ్ళు ఆయన దగ్గరికే వచ్చి, మాకూ ఒక చోటు చూపించమన్నారు. ముందు నిలబడి అడిగింది ఆ గటక పెట్టిన ముసలావిడ. చూపించాడు. కంపెనీ బోరు బండి ఇవ్వలేదు. గడ్డపారలతో రెండు నెలలు తవ్వారు.

"పంగ వంగింది గని నీళ్ళు లెవ్వు ఎల్లేశం. మీద గుంజింది నేనే, కింద చూపెట్టింది నేనే. ఆ ముసలిది మాత్రం గటక పెట్టుడు బంద్ చెయ్యలే. నేనొచ్చే దినం గూడ పెట్టింది."

విన్నాను. జాలి కలగలేదని అబద్ధం చెప్పను. కానీ నా చెట్లు నా ఎదుట చస్తున్నాయి. ఎవళ్ళో ముక్కూ ముఖం తెలియని వాళ్ళ మీదున్న ప్రాణం బామ్మర్ది మీద లేదా అని అరిచాను. అక్కడ పాపం చేసి వచ్చి, దానికి ఇక్కడ నా తోట ఎండాలా అని అడిగాను.

"నేనైతే పెట్ట," అన్నాడు. "కోపమొస్తే రానీ."

ఆయన పెట్టేదేముంది? చోటు నేను చూడనే చూశాను. మూడో రోజు దేవరకొండ నుంచి బోరు బండి తెప్పించాను. రాయి నేనే పాతాను, కొబ్బరికాయ నేనే కొట్టాను. మూడు వందల ఇరవై అడుగుల దగ్గర నీళ్ళు ఎగజిమ్మి నన్ను నిలువెల్లా తడిపేశాయి. బావ ఇంట్లోంచి బయటికి రాలేదు. ఊరు ఊరంతా, బీరన్న వచ్చాడు, నీళ్ళు పడ్డాయి అంది. నేను కాదనలేదు. ఔననీ అనలేదు.

తోట చిగురు పట్టింది. ఎండలు ముదిరేసరికి చిన్నమ్మ బావిలో బొక్కెన వేస్తే బురద తగిలింది.

ఆమె వంకర కాళ్ళతో దేక్కుంటూ బావ ఇంటి ముందుకు వచ్చింది. వీధిలో దుమ్ము పిడికెడు తీసి ఆయన నెత్తిన పోసింది.

"ఎల్లేశం రైతు. శెట్లు ఎండుతుంటే బోరెయ్యక ఏం జేస్తడు? జాగ సూపెట్టేటోనివి నువ్వు. పక్కకు నా బాయున్నదని నీకు తెల్వదా బీరన్నా? నా నోట్ల మన్ను గొట్టినవ్."

జనం గుమిగూడారు. నేను అక్కడే ఉన్నాను. ఇప్పుడంటాడు, ఆ పాయింటు నేను పెట్టలేదని ఇప్పుడంటాడు అని ఎదురుచూస్తూ, అంటే ఏం చెప్పాలో కూడబలుక్కుంటున్నాను. అక్క నోరు తెరవబోయింది. బావ చెయ్యెత్తి ఆపాడు. జుట్టు నిండా దుమ్ముతో తలవంచుకుని నిలబడ్డాడు. నా వైపు చూడనైనా చూడలేదు.

మర్నాడు నా బోరు నుంచి గట్టు మీదుగా చిన్నమ్మ మడికి పైపు వేశాను. పొద్దున ఒక గంట నీళ్ళు. ఆమె పైపు దగ్గర చతికిలబడి దోసిళ్ళతో ముఖం కడుక్కుంది. తడిచేతులు రెండూ నా తల మీద పెట్టింది.

"నీ కడుపు సల్లగుండ కొడుకా. ఊర్లె నువ్వొక్కనివన్న ఉన్నవ్."

నేను తల వంచి ఆ దీవెన తీసుకున్నాను.

బావ ఇప్పుడు పంగ ముట్టడు. కంపెనీ ఫోను ఎత్తడు. గొర్లు కాస్తున్నాడు. చిన్నమ్మ ఎదురైతే ఈనాటికీ ఉమ్మేసి పోతుంది, ఆయన పక్కకు జరిగి దారి ఇస్తాడు. అది చూసినప్పుడల్లా నాకు మండిపోతుంది. నోరుంది కదా మనిషికి. నేను కాదు, ఎల్లేశమే అని ఒక్క మాట అనేస్తే అయిపోయేది. ఆయనే అనకపోతే నేనెట్లా అనేది?