పునీత యోసేపు రెండు పండుగలు

మాటియా సెంకూటో ఉగాండాలోని మా బుగాండా పల్లెల్లో మూడు గుళ్ళు కట్టించి, నాలుగొందల మందికి జపాలు నేర్పిన ఉపదేశి. కొత్తగా కట్టిన పునీత యోసేపు గుడికి "మా పునీతుడి పండుగకు రండి" అని బిషప్పుగారికి ఉత్తరం రాశాడు గానీ, తేదీ రాయలేదు. యోసేపుకు మార్చిలో ఒక పండుగ, మేలో ఒకటి. ఊరంతా మే కోసం చూస్తుంటే, మార్చి పందొమ్మిదిన పొద్దున్నే బిషప్పుగారు దిగారు. ఒక్క పొయ్యీ వెలగలేదు. సెంకూటోకు తల కొట్టేసినట్టయింది.

"ఇన్నేళ్ళూ మా తప్పులు దిద్దావుగా మావా, ఇవాళ మా వంతు!" అంటూ, అతని దగ్గరే జపాలు నేర్చుకున్న నలులె కత్తి పట్టుకుని అరటితోటలో దూరింది. ఆడవాళ్ళంతా ఆమె వెనకే నడిచారు.

పూజ ముగిసేసరికి ఆకుల్లో చుట్టిన అరటికాయ ఉడికి ఆవిర్లు కక్కుతోంది. సెంకూటో లేచి తప్పు తనదేనని అందరిముందూ ఒప్పుకున్నాడు.

"అయితే మేలోనూ వస్తానయ్యా," అన్నారు బిషప్పుగారు, రెండోసారి వడ్డించుకుంటూ.