తేనెటీగ కుట్టిన పూట మా కుక్క ఎవరింటికి పోయిందంటే

ట్రాఫిక్ అని పిలిచే రైల్వే కాలనీలోని మా క్వార్టరుకు ఆ కుక్కపిల్లను తెచ్చింది మా ఆయన, పెంచింది నేను. వర్క్‌షాపు గోడ పక్కన వానలో వణుకుతుంటే టిఫిన్ సంచిలో పెట్టుకుని తెచ్చారు. దూదితో పాలు పిండి పట్టాను. చెవుల్లో పిడుదులు ఏరాను. సూదులు వేయించాను. ఏడాది తిరిగేసరికి అది పక్క క్వార్టరు వదిన కుక్క అయిపోయింది.

వదిన అంటే చుట్టరికం ఏమీ లేదు. మాలాగే శ్రీకాకుళం వైపు వాళ్లు, ఒకరినొకరం వదినా అనే పిలుచుకుంటాం. ఆవిడ భర్త గూడ్సు గార్డు, ఇంట్లో ఉండేది తక్కువ. మధ్యాహ్నం నేను పని ముగించుకుని వచ్చి చూస్తే మా కుక్క ఆవిడ వరండాలో, ఆవిడ పాదాల మీద గడ్డం ఆనించి పడుకుని ఉండేది. ఆవిడ దానితో ఏదో చెప్తూ నవ్వుతుంటే ఆ నవ్వు మా వంటింట్లోకి వినబడేది. పిలిస్తే లేచేది కాదు. పడుకున్నచోటే తోక రెండుసార్లు నేలకేసి కొట్టేది. అసలు పట్టించుకోకపోయినా ఇంత బాధపడేదాన్ని కాదేమో. విన్నాను, కానీ రాను అన్నట్టుండేది ఆ తోక.

అన్నంలో మాంసం ముక్కలు ఎక్కువ వేశాను. గబగబా తిని, మూతి నాక్కుంటూ అటే పోయింది. మా ఆయనతో చెప్పుకుంటే, "కుక్క కోసం కూడా పోటీయేటే నీకు?" అని నవ్వారు. రెండు రోజులు ఆయనతో సరిగా మాట్లాడలేదు.

మునగచెట్టు పూత మీద ఉన్న రోజులవి. ఒక ఉదయం పెరట్లో బట్టలు ఆరేస్తున్నాను. రాలిన పూల మీద తేనెటీగలు ముసురుతుంటే కుక్క వాటిని నోటితో పట్టబోయింది. ఒక్కసారి కీచుమని అరిచి గిర్రున తిరిగింది. ముందుకాలితో మూతిని గీక్కుంటోంది.

"ఇలా రా, రా అమ్మా," అని చేతులు చాపాను. నా వైపు చూసింది. చూసి, పిట్టగోడ దూకి వదిన ఇంటికి పరిగెత్తింది.

తడి చీర చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాను. సిగ్గులేకుండా చెప్తున్నాను, ఆ క్షణం నాకు కుక్క నొప్పి గుర్తుకు రాలేదు. పోనీ, ఆవిడే చూసుకుంటుందిలే అనుకున్నాను.

అంతలో వదిన కేక వినబడింది. "వదినా! బేగి రా! దీని మూతి సూడు, ఎలా ఉబ్బిపోనాదో!"

వెళ్లేసరికి పైపెదవి ఒకవైపు నిమ్మకాయంత అయింది. వదిన చేతిలో సున్నం డబ్బా ఉంది.

"సున్నం ఒద్దు వదినా! నాకేస్తాది. నోరు కాలిపోద్ది," అని డబ్బా లాక్కున్నాను.

"మరేటి సెయ్యాలి? నాకేటీ తెల్దు. నువ్వే సెప్పు."

నాకూ తెలియదు. సూదులు వేయించిన మలంచా పేటలోని పశువుల డాక్టరుకు ఫోను చేశాను. బెంగాలీ ఆయన, హిందీలో నెమ్మదిగా చెప్పాడు. ముల్లు కనబడితే వేళ్లతో నొక్కి పీకొద్దు, నొక్కితే విషం ఇంకా దిగొచ్చు, గట్టి కార్డు అంచుతో వెంటనే గీరెయ్యండి అన్నాడు. చల్లటి తడిగుడ్డ పెట్టమన్నాడు. మనుషుల మాత్రలు ఏవీ వెయ్యొద్దన్నాడు. వాంతి అయినా, తూలినా, ఊపిరి కష్టమైనా, వాపు గొంతు వైపు దిగుతున్నా ఆగకుండా తీసుకొచ్చెయ్యమన్నాడు.

వదిన కుక్క తల పట్టుకుంది. నేను నా బ్యాంకు కార్డు అంచుతో గీరాను. నల్లటి చిన్న ముల్లు ఊడివచ్చింది. ఫ్రిజ్ నీళ్లలో గుడ్డ తడిపి అద్దాను. కాస్త నయం అనుకునేలోపే కుక్క కక్కింది. దవడ కింద కూడా మెత్తగా ఉబ్బుతోంది.

"ఎల్దాం పద," అన్నాను. తలుపులు దగ్గరికి లాగి, రోడ్డు మీద టోటో, అదే బ్యాటరీ రిక్షా, ఆపి ఎక్కాం. దారంతా కుక్క ఆవిడ ఒళ్లో. తడిగుడ్డ పట్టుకున్న చేయి మాత్రమే నాది. ఆవిడ చీరకు చొంగ అంటుకుంటోంది. అది నా చీరకు అంటితే బాగుండునని నాకుంది.

డాక్టరు చూడగానే, "కుకుర్‌టా కార్?" అని అడిగాడు. కుక్క ఎవరిది అని.

"నాదే," అన్నాను, వదిన నోరు తెరిచేలోపే.

"అయితే తల మీరు పట్టుకోండి, ఇంజక్షన్ ఇవ్వాలి."

పట్టుకున్నాను. అది నా చేతుల్లో గింజుకుంది. మూలిగింది. ఎంత అదిమితే అంత పెనుగులాడుతోంది, ఊపిరి గురగురమంటోంది. ఎన్నిసార్లు సూదులకు ఈ బల్లమీద ఇలాగే అదిమి పట్టుకున్నానో! దానికి నా చేతులంటే ఏం గుర్తొస్తుందో అప్పుడు తట్టింది. డాక్టరు సిరంజి పట్టుకుని ఆగాడు.

"వదినా, నువ్వు పట్టుకో," అన్నాను.

ఆవిడ వచ్చి దాని చెవి దగ్గర ఏదో గొణిగింది. కుక్క ఊరుకుంది. ఇంజక్షన్ అయిపోయింది.

గంటసేపు అక్కడే బెంచీ మీద కూర్చోబెట్టారు. వాపు మెల్లగా తగ్గుతుంటే వదిన నా వైపు తిరిగి, "నువ్వు నేకపోతే సున్నం రాసీసి దీన్ని సంపీసుందును," అని ఏడ్చింది. ఆవిడ భుజం మీద చేయి వేశాను. ఆవిడ మీద జాలి కలిగింది. కుళ్లు మాత్రం పోలేదు. రెండూ కలిసే ఉన్నాయి.

ఆ సాయంత్రం దానికి మెత్తటి పెరుగన్నం కలిపి నా చేత్తోనే తినిపించాను. తిన్నాక నా పక్కనే కాసేపు కూర్చుంది. వదిన తన వరండాలో నిలబడి చూస్తోంది కానీ పిలవలేదు. పిలవకుండా ఎంత ఉగ్గబట్టుకుందో నాకు తెలుసు. చివరికి నేనే, "ఇలా రా వదినా, వాపు తగ్గినాదేమో సూద్దువు గాని," అన్నాను.

ఆవిడ వచ్చి కింద కూర్చుంది. కుక్క లేచి ఆవిడ ఒళ్లోకి వెళ్లింది. నేను ఎంగిలి గిన్నె తీసుకుని కడగడానికి లోపలికి వెళ్లాను.