కాలువ కట్టేసిన నెలలు

మా శాంతికుమార్ మావయ్యకు నీళ్ళ చప్పుడు లేకపోతే నిద్ర పట్టేది కాదు. దాన్ని జబ్బనాలో, ఉద్యోగం చేసిన పని అనాలో మాకెవరికీ తేలలేదు. కోనసీమలో ఒక కాలువ లాకుల దగ్గర ఆయనకు కొలువు. పడవలు తగ్గిపోయి లారీలు వచ్చాక, పడవలను ఒక మట్టం నుంచి ఇంకో మట్టానికి దాటించే లాకు తలుపులకు పెద్ద పని లేకుండా పోయింది గానీ, పైవాళ్ళు చెప్పిన మట్టానికి నీళ్ళు వదలడం, ఆపడం మిగిలింది. లాకుల పక్కనే పెంకుటింటి క్వార్టరు. పడగ్గది కిటికీ కిందే నీళ్ళు రాత్రీ పగలూ దూకుతూ ఉండేవి. బదిలీ అన్నప్పుడల్లా ఎవరినో ఒకరిని బతిమాలుకుని ఆయన ఆ గదిలోనే ఉండిపోయాడు.

క్రిస్మస్ సెలవులకు వెళ్ళినప్పుడు ఆ మంచం మీద పడుకోవడం నాకు ఇప్పటికీ కలలా ఉంటుంది. కాలువ మీద పడ్డ ఎండ కిటికీలోంచి లోపలికొచ్చి, పైన దూలాల మీద వణుకుతూ ఉండేది. కాసేపు దాన్నే చూస్తే మంచం కూడా మెల్లగా ఎటో సాగిపోతున్నట్టు అనిపించేది. ఎవరైనా పిలిస్తే పెదాలు కదలడం కనిపించేది, మాట వినిపించేది కాదు. నాకు అక్కడ రెండు రోజులు ముద్దుగా ఉండేది, మూడో రోజు తలనొప్పి వచ్చేది.

ఎండలు ముదరగానే కాలువ కట్టేసేవారు. ఒక్కసారిగా ఆ చప్పుడు ఆగిపోతే లోకమంతా ఊపిరి బిగబట్టినట్టుండేది. బురద తేలిన కాలువలో కొంగలు తాపీగా నడిచేవి. మావయ్య మొహం వేలాడిపోయేది. సరిగ్గా అప్పుడే మా ప్రిస్కిల్లా అత్తయ్య కొంగు దోపి, నడుం బిగించి పడగ్గది మీద పడేది.

పరుపును గట్టు మీద ఎండేసి కర్రతో బాదేది. నెమ్ముకు ఉబ్బి రాలిపోతున్న గోడలను గీకి, సున్నంలో కాస్త నీలిమందు కలిపి తనే పూసేది. మంచాన్ని కిటికీ దగ్గర్నుంచి ఎదుటి గోడకు లాగేది. కిటికీకి వట్టివేళ్ళ తడిక కట్టి నీళ్ళు చిలకరిస్తే, గదంతా పచ్చటి చీకటి, మట్టివాసన. మూల ఇసుకలో కొత్త కుండ. తలగడ పక్కన గుప్పెడు మల్లెలు. అంత ముచ్చటగా సర్దితే మావయ్య అటు తొంగి కూడా చూసేవాడు కాదు. పొద్దు గూకగానే మడతమంచం భుజాన వేసుకుని లాకు వంతెన మీదకు పోయేవాడు. వంతెన మీద పడుకుంటే ఏ అర్ధరాత్రో నీళ్ళు వచ్చేస్తాయన్న ఆశ కాబోలు. మా అమ్మకు తన అన్న మీద ఒళ్ళు మండేది. వదిన ఆ గది ఎవరి కోసం సర్దుతుందో అని ఏటా జాలిపడేది.

ఇంకో సంగతి. వేసవిలో అత్తయ్య వేరే మనిషి. బుగ్గలు తేరేవి, వంటింట్లో కీర్తనలు పాడేది, మమ్మల్ని ఏడిపించి నవ్వేది. మేం వెళ్ళామనే ఆ సంబరమనుకునేవాళ్ళం, పిల్లలకు ప్రపంచమంతా తమ చుట్టూనే తిరుగుతుంది కదా. మిగతా కాలాల్లో కళ్ళ కింద నలుపు, కూరలో ఉప్పు మరిచిపోవడం, ప్రార్థనలో కునికిపాట్లు. ఆవిడది నెమ్మది స్వభావం అని మావయ్య అందరికీ చెప్పేవాడు.

రెండు వేల సంవత్సరంలో మావయ్య రిటైరయ్యాడు. రాజమండ్రిలో కోరుకొండ రోడ్డు వైపు చిన్న డాబా కొనుక్కుని వేసవి మొదట్లోనే దిగారు. నేనప్పుడు ఆ ఊళ్ళోనే హాస్టల్లో ఉండి బీఈడీ చదువుతూ, ఆదివారమైతే చాలు అక్కడికి పోయేదాన్ని. మెరక ప్రాంతం, కాలువ లేదు, కనీసం మురుక్కాలువైనా లేదు. మావయ్య రాత్రంతా డాబా మీద పచార్లు చేస్తూ ఎర్రబడ్డ కళ్ళతో కనిపించేవాడు. అత్తయ్య మాత్రం నిగనిగలాడింది. ఇక్కడి నీళ్ళు వంటబట్టాయని మావయ్య తేల్చేశాడు.

జూన్‌లో ఒకరోజు కాలువలకు నీళ్ళు వదిలారని పేపర్లో వచ్చింది. మావయ్య ఆ పూట అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు. అత్తయ్య అప్పుడు పడగ్గదిని వానాకాలానికి సిద్ధం చేస్తోంది. తడికలు విప్పి చుట్టిపెట్టింది, దుప్పట్ల మడతల్లో వేపాకు వేసింది, జల్లు కొట్టకుండా మంచాన్ని కిటికీకి దూరంగా జరిపింది. ఇంతలో మావయ్య పైపులు బిగించేవాడిని వెంటబెట్టుకొచ్చాడు. పై ట్యాంకు నుంచి ఒక గొట్టం దించి, కిటికీ బయట ఏటవాలు రాతిపలక మీద నీళ్ళు దూకేలా చేయించాడు. కింద సిమెంటు తొట్టి, తొట్టిలోంచి మళ్ళీ పైకి తోడడానికి మోటారు. సాయంత్రానికి ఇంట్లో లాకులు వెలిశాయి. ఆయన మొహం చూస్తే పసిపిల్లాడికి పాలపీక దొరికినట్టుంది.

అత్తయ్య చేతిలో దుప్పటితో కాసేపు కిటికీ వైపే చూస్తూ నిలబడింది. తర్వాత తనే మంచాన్ని మళ్ళీ కిటికీ దగ్గరకు జరిపింది. మావయ్య ఆ రాత్రి మొద్దులా నిద్రపోయాడు.

కొన్ని వారాలకు కూరలో ఉప్పు తగ్గింది. చర్చిలో అత్తయ్య తల వాలిపోతుంటే నేను మోచేత్తో పొడవాల్సి వచ్చింది. ఒంట్లో ఎలా ఉందని అడిగితే నవ్వింది. మావయ్యనడిగితే, ముసురు పడితే ఆవిడకెప్పుడూ అంతేనన్నాడు. నాకు కోపం వచ్చింది గానీ ఎవరి మీదో తెలియలేదు.

ఆ తర్వాతి ఆదివారం భోజనాలయ్యాక మావయ్య మంచం మీద కునుకు తీస్తున్నాడు. అత్తయ్యా నేనూ కింద కూర్చుని తలగడల్లో కొత్త బూరుగుదూది కూరుతున్నాం. పొద్దుటి నుంచీ కరెంటు లేదు, మోటారు ఆడలేదు, ట్యాంకు ఖాళీ అయింది. కిటికీ బయట ధార సన్నబడింది, చుక్కలుగా మారింది, ఆగిపోయింది. మావయ్య ఉలిక్కిపడి లేచి కూర్చున్నాడు. అదే క్షణంలో అత్తయ్య తల గోడకు ఆనింది. చెయ్యి తలగడ గలీబులో ఉన్నది ఉన్నట్టే, ఆవిడ నిద్రపోయింది.

మావయ్య పిలవబోతే నేను వద్దని సైగ చేశాను. తెల్లటి దూది గాలిలో తేలుతూ తేలుతూ ఆవిడ జుట్టు మీద, భుజాల మీద వాలుతోంది. గదిలో ఎక్కడా చప్పుడు లేదు. కనుబొమల మధ్య ముడి విడిపోయి, వేసవి సెలవుల్లో నాకు తెలిసిన అత్తయ్య బయటికొచ్చింది. మావయ్య మంచం అంచున అలాగే కూర్చుని చూస్తూండిపోయాడు. కరెంటు రాగానే గబుక్కున లేచి వెళ్ళాడు. మోటారు వెయ్యడానికనుకున్నాను. ఆయన స్విచ్చి ఆపేసి, ఫ్యూజు కూడా పీకి జేబులో వేసుకుని వచ్చాడు.

దీపాలు పెట్టే వేళకు అత్తయ్య కళ్ళు తెరిచి, ఇంతసేపు పడుకున్నానా అని సిగ్గుపడింది.

"నీళ్ళాగితే నిద్రొచ్చిందా నీకు?" అన్నాడు మావయ్య.

అత్తయ్య జుట్టులో దూది ఏరుకుంటూ అంది.

"నాకు కాలవ కట్టేసిన నెలల్లోనే నిద్రండి. పెళ్ళయి వచ్చిన కాణ్ణించీ అంతే. అందుకే కదండీ వేసంగొస్తే గదంతా అలా సర్దుకునేదాన్ని."

"మరి నాకెప్పుడూ చెప్పలేదేంటి?"

"చెప్తే ఏం చేసేవారండి? ఊళ్ళ పొలాలు ఎండబెట్టి కాలవ కట్టేసేవారా?"

ఆ మాటలో నిష్ఠూరం లేదు. మావయ్య ఆవిడ పక్కన నేల మీద కూలబడి, ఆవిడ చేతిలోంచి గలీబు తీసుకుని దూది కూరడం మొదలుపెట్టాడు. ఆయనకు చేతకాలేదు, సగం నేలపాలైంది.

తర్వాతి వారం నేను వెళ్ళేసరికి గొట్టం లేదు, మంచం మళ్ళీ కిటికీకి దూరంగా, అత్తయ్య మొదట జరిపిన చోటే ఉంది. వంటింట్లోంచి పాట వినిపిస్తోంది. మావయ్య కళ్ళు మాత్రం చింతనిప్పుల్లా ఉన్నాయి. నిద్ర పడుతోందా మావయ్యా అని అడిగాను.

"ఎక్కడమ్మా," అన్నాడు. ఆ మాటలో బాధేమీ లేదు. వంటింటి వైపు ఒకసారి చూసి, గొంతు బాగా తగ్గించాడు. "మీ అత్తయ్య నిద్రలో నవ్వుతుందే అమ్మాయ్. ఇన్నేళ్ళు పక్కనున్నాను, నాకు తెలీదు."